ఆది రవిక

పొయ్యి మీద జొన్న సంగటి కుతకుత ఉడుకుతోంది. మంగమ్మ ఒక చేత్తో తెడ్డు తిప్పుతూ, ఇంకో చేత్తో కళ్ళలోకి వస్తున్న పొగను తోసేస్తూ, మధ్యమధ్యలో తల తిప్పి గోడ గూట్లోకి చూస్తోంది. మామూలుగా ఆ గూట్లో దీపపు బుడ్డి ఉంటుంది. ఇవాళ బుడ్డిని పక్కకు జరిపేసి, రెండు తమలపాకులూ ఒక వక్కా అక్కడ దేవుడి ప్రసాదంలా పెట్టి ఉన్నాయి. పెట్టింది ఆమె మొగుడు రోశయ్య మేస్త్రి. నిన్న సాయంత్రం ఊరి చావిడి నుంచి తెచ్చి, తను నమలకుండా, ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా అక్కడ పెట్టాడు.

"ఏమే మంగా, నీ మొగుడు ఆ ఆకులకి పూజ చేస్తాడా, నన్ను నమలమంటాడా? రేపటికి వాడిపోతయ్యి" అంది గడపలో కూర్చున్న అత్త మస్తానమ్మ. ఆమెకు పళ్ళు లేవు. వక్క రోట్లో దంచుకుని నోట్లో వేసుకుంటుంది. నిన్నటి నుంచి ఆమె కన్ను ఆ గూటి మీదే ఉంది.

"నువ్వూరుకోయే అమ్మా" అన్నాడు రోశయ్య పెరట్లోంచి మొహం తుడుచుకుంటూ వస్తూ. "మన పాలెంలో ఎవడన్నా ఇప్పటిదాకా చావిడి అరుగెక్కాడా? ఆ అరుగుకి నాపరాళ్ళు పరిచింది ఎవరు, మా నాయన కాదా? పరిచి, కడిగి, కింద నిలబడి దండం పెట్టి వచ్చాడు గాని ఒక్కనాడన్నా దాని మీద కూర్చున్నాడా? నిన్న గోపాలకృష్ణయ్యగారు 'రా మేస్త్రీ, ఎక్కి కూర్చో' అన్నాడు. తన చేత్తో తాంబూలం ఇచ్చాడు. దాన్ని నమిలి ఉమ్మెయ్యమంటావా?"

మంగమ్మ నవ్వుకుంది. ఆమెకూ గర్వంగానే ఉంది మరి. గురజాల పక్కన ఆ ఊరికి, ఊరి చివర రాళ్ళు కొట్టుకునే వాళ్ళ పాలేనికి మధ్య ఉన్నది ఒక చిన్న డొంకే. ఆ డొంక దాటి పాలెం మనిషి అరుగు మీదికి ఎక్కాడంటే చిన్న సంగతేమీ కాదు. ఈ నెలంతా మంచి రోజులే వస్తున్నాయని, దేవుడు తమ ఇంటి వైపు ఒకసారి తల తిప్పి చూశాడని ఆమెకు అనిపిస్తోంది.

"ఇంతకీ అరుగు మీద ఏం మాట్లాడుకున్నారయ్యా?" అని అడిగింది.

"ఏందో కట్టుబాటు. టూరింగు టాకీసు కాడ కుర్రోళ్ళు బిగుతు పంట్లాలేసుకుని ఈలలేస్తన్నారంట. ఆడపిల్లలు బుట్ట చేతుల రవికలేసుకుని తిరగతన్నారంట. అయ్యన్నీ ఇక కుదరవని పెద్దలు అనుకున్నారు. ఊరోళ్ళ గొడవలే, మనకెందుకు?"

"మనకెందుకైతే తాంబూలం ఎందుకు పుచ్చుకున్నావు? పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టే గదా."

"ఇస్తే పుచ్చుకోకుండా ఎట్టా ఉంటారే?" అని రోశయ్య సుత్తి భుజాన వేసుకుని, గూటి వైపు ఇంకోసారి చూసుకుని గనికి వెళ్ళిపోయాడు.

ఈ నెలంతా మంచి రోజులే అని మంగమ్మ అనుకోవటానికి అసలు కారణం తాంబూలం కాదు, కూతురు కోటమ్మ. కిందటి నెలలో గని దగ్గర ఒక కూలిమనిషికి రాళ్ళ గుట్టల మధ్యే నొప్పులు వచ్చాయి. అందరూ కంగారు పడుతుంటే రోడ్డు మీద ఒక కారు ఆగింది. ఇంజను వేడెక్కి నీళ్ళ కోసం ఆగిన కారు. అందులోంచి దిగింది నరసరావుపేట ఆసుపత్రి డాక్టరమ్మ. ఆమె చేతి కింద ఉండి నీళ్ళు కాచింది, నొప్పులు పడే మనిషిని పట్టుకుని కూర్చుంది, బొడ్డు కోసేటప్పుడు మొహం తిప్పుకోకుండా చూసింది కోటమ్మే. పోతూ పోతూ డాక్టరమ్మ, "నీకు చదువొచ్చా?" అని అడిగింది. ఐదో తరగతి అయిందంది కోటమ్మ. "వచ్చే నెల దాటాక, ఆ పై నెల మొదటి సోమవారం ఆసుపత్రికి రా, కాన్పుల పని నేర్పిస్తాం. తెల్ల చీరలు మేమే ఇస్తాం. రవికలు మాత్రం నీ ఒంటికి సరిపోయేవి రెండు కుట్టించుకుని రా, అవి లేకుండా వార్డులోకి రానివ్వరు" అంది.

ఆ సోమవారం ఇంకెంతో దూరం లేదు. యుద్ధం అయిపోయిందన్న మాటే గాని గుడ్డకు ఇంకా కంట్రోలు పోలేదు. కార్డు పట్టుకుని వరసలో నిలబడి నిలబడి, మంగమ్మ ఎట్టాగో తెల్ల గుడ్డ సంపాదించింది. కోటమ్మ దాన్ని ఎన్నిసార్లు విప్పి మడిచిందో. ఆ పాలెంలో ఆడవాళ్ళెవరూ రవిక వేసుకోరు. తరతరాల నుంచీ అంతే. చీర కొంగునే ఒంటి చుట్టూ బిగించి దోపుకుని, ఆ భుజాల మీదే రాళ్ళు మోశారు, పిల్లల్ని మోశారు. కోటమ్మదే మొదటి రవిక.

"అమ్మా, చేతులకి కొంచెం బుట్ట పెట్టించుకోనా?" అంది కోటమ్మ దర్జీ కొట్టుకి బయలుదేరుతూ. "పెద్దది కాదే. ఇంతే, ఇంత."

"బుట్టలో ఏం పెట్టుకుంటావే, మిరపకాయలా?" అని మస్తానమ్మ వెక్కిరించింది. "ఒంటికి సంకెళ్ళేసుకోటానికి ఇంత సంబరమేందో. నా కాలంలో ఈ భుజం మీద ఎండ పడేది, వాన పడేది, చంటోడప్పుడు నీ అయ్య పడుకునేవాడు. ఏం తక్కువైంది నాకు?"

"నోరు తక్కువ కాలేదు నాయనమ్మా, అదొక్కటే తెలుసు" అని కోటమ్మ నవ్వుతూ పరిగెత్తింది.

తల్లీకూతుళ్ళు బజారు మొదట్లోకి వచ్చేసరికి టముకు మోగుతోంది. వెట్టివాడు నాలుగు అడుగులు వేయటం, ఆగి డప్పు మీద నాలుగు దెబ్బలు కొట్టటం, గొంతెత్తి చెప్పటం. "పెద్దల కట్టుబాటహో. ఊళ్ళో కుర్రకారు, ఆడపిల్లలు కొత్త ఫ్యాషన్లు మానాలహో. తల్లులు ఎట్టా కట్టుకుంటే కూతుళ్ళు అట్టాగే కట్టుకోవాలహో. తండ్రులు ఎట్టా కట్టుకుంటే కొడుకులు అట్టాగే కట్టుకోవాలహో." మంగమ్మ సగం వింది, సగం వినలేదు. ఆమె మనసంతా చంకలో ఉన్న గుడ్డ మూట మీదే ఉంది.

జాన్ సాహెబ్ కొట్టంటే ఒక అరుగు, ఒక కుట్టుమిషను, వెనక గోనెపట్టా తెర. తెర వెనకే ఇల్లు. రోజూ ఆ మిషను చప్పుడు బజారు చివరిదాకా వినిపిస్తుంది. ఇవాళ వినిపించటం లేదు. జాన్ సాహెబ్ మిషను మీద గుడ్డ కప్పి, పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది సాయిబన్నా, జబ్బు చేసిందా?" అంది మంగమ్మ.

"నాకు కాదు వదినా, ఊరికి" అన్నాడతను. గుడ్డ చేతిలోకి తీసుకుని, దారపు నేత చూసి, "మంచి గుడ్డ దొరికింది. బీబీ, చూడు, మన కోటమ్మ ఆసుపత్రికి పోతంది" అని లోపలికి కేక వేశాడు. తరవాత ఆ గుడ్డని మెల్లగా మంగమ్మ ఒళ్ళోనే పెట్టేశాడు. "ఆది తెచ్చావా వదినా?"

ఆది అంటే కొలతకు ఇచ్చే పాత రవిక. అది ముందు పెట్టుకుని కొత్తది కత్తిరిస్తారు.

"పిల్లకి ఇదే మొదటి రవిక అన్నా. ఆది ఎక్కడి నుంచి వచ్చుద్ది?"

"పిల్లది కాదు వదినా. నీది."

మంగమ్మకి అర్థం కాలేదు.

"టముకు వినలేదా? తల్లి ఆది తెస్తేనే కూతురికి రవిక కుట్టాలంట. తల్లి రవిక ఎట్టా ఉంటే కూతురిదీ అట్టాగే ఉండాల. చెయ్యి పొడుగు గాని, మెడ గాని మారితే నా మిషను తీసకపోయి చావిడిలో పెడతారంట."

మంగమ్మ చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. కొంగు లాగి కప్పుకుంది. ఇన్నేళ్ళలో ఏనాడూ ఆమెకు తన భుజాలు ఉన్నాయన్న సంగతే గుర్తు రాలేదు. గనిలో రాళ్ళు ఎత్తేటప్పుడు నొప్పి పుడితే తప్ప. ఇప్పుడు బజారులో వచ్చేపోయే వాళ్ళంతా ఆ భుజాల్నే చూస్తున్నట్టు అనిపించి ఒళ్ళంతా ముడుచుకుపోయింది.

తెర కదిలింది. బీబీ మొహం సగం కనిపించింది. "పిల్లని లోపలికి పంపవే వదినా. తాడు పెట్టి నేను కొలత తీస్తా. ఎంతసేపు పని అది?"

"కొలత కాదు బీబీ కష్టం. మిషను పోతే మనం తినేదేంది?" అన్నాడు జాన్ సాహెబ్. మంగమ్మ మొహం చూడలేక సూదుల డబ్బీ సర్దుకుంటూ, "మేస్త్రి చెప్పలేదా వదినా? అరుగు మీద ఆయన గూడా ఉన్నాడు గదా, తాంబూలం పుచ్చుకున్నాడు గదా" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు డొంక దాటుతూ, "అమ్మా, నువ్వట్టా కప్పుకోబాక. నువ్వు కప్పుకుంటే నాకు ఏడుపొస్తంది" అంది కూతురు.

మధ్యాహ్నం రోశయ్య సంగటి తినటానికి వచ్చాడు. కోటమ్మ ముంతతో నీళ్ళు పెట్టి, గూటి వైపు చూపించి, "నాయనా, ఆ ఆకులు ఏమిచ్చి కొన్నావు?" అంది.

"కొనేదేందే? పిలిచి ఇచ్చారు."

"కాదు. నా రవికలిచ్చి కొన్నావు."

సంగతంతా విని రోశయ్య ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. అతనికి నిజంగానే తట్టలేదు. తల్లి ఆది అన్న మాట నిన్న అరుగు మీద విన్నాడు, తలూపాడు. ఊళ్ళో తల్లులే మనసులో మెదిలారు గాని, తన పెళ్ళాం మెదల్లేదు.

"దీనికింత గోల ఎందుకు? నేను గోపాలకృష్ణయ్యగారితో చెప్తా. ఆసుపత్రి పని గదా, నీ ఒక్కదానికి ఒప్పుకుంటాడు. సాదా చేతులు పెట్టించుకో. ఆ బుట్టలు గిట్టలు వద్దు."

"బుట్ట నా ఇష్టం నాయనా."

"ఇష్టమేందే ఇష్టం? జనానికి చుట్టుకోటానికి గుడ్డ లేదు. నీ రెండు బుట్టల్లో పసిపిల్లోడికి చొక్కా వచ్చుద్ది. ఆయన అదే అన్నాడు, అందులో అబద్ధమేముంది?"

"అబద్ధం లేదు. ఆ మాట నాకు నువ్వు చెప్తే నేను ఆలోచించుకుంటా, మానుకుంటా గూడా. మిషను ఎత్తుకపోతామని టముకేసి చెప్తే మానుకోను. ఒంటి మీద గుడ్డకి గూడా కట్టుబాటేంది?"

"మన ఆడోళ్ళు రవిక లేకుండానే కొండలు పగలగొట్టారు" అని మధ్యలో దూరింది మస్తానమ్మ.

"అవును నాయనమ్మా. నువ్వు వేసుకోవద్దనుకున్నావు, వేసుకోలా. వేసుకోమని నీ ఇంటి ముందు ఎవరన్నా డప్పు కొట్టారా? నేను వేసుకోవాలనుకున్నా. నాకెందుకు కొడతన్నారు?"

మస్తానమ్మ దవడలు ఆడటం ఆగిపోయింది. "అదీ నిజమేరా రోశయ్యా" అంది.

రోశయ్య కంచం పక్కకు నెట్టాడు. "అయితే ఏం చేయమంటారే నన్ను? నిన్న ఎక్కిన అరుగు ఇయ్యాల దిగి రమ్మంటారా? ఒక్క పూటన్నా నన్ను అక్కడ కూర్చోనియ్యరా?"

ఆ గొంతులో కోపం కన్నా ఇంకేదో ఉంది. అది మంగమ్మకు ఒక్కదానికే వినిపించింది. అతనితో పాటు గుట్టల మీద ఎండలో ఇన్నేళ్ళు నిలబడ్డ మనిషి గదా. ఊళ్ళో ఎవరింటి ముందు ఆగినా అరుగు కింద నిలబడే మాట్లాడిన మొగుడు గదా. అతన్ని తప్పు పట్టటానికి ఆమెకు నోరు రాలేదు. కానీ కోటమ్మ గుడ్డ మూటని మళ్ళీ మడిచి పెట్టెలో అడుగున పెట్టేస్తుంటే చూడటానికి మనసూ రాలేదు.

తెల్లవారి లేచేసరికి గూడు ఖాళీగా ఉంది. రోశయ్య అప్పటికే చావిడికి వెళ్ళిపోయాడు. రోషం కొద్దీ ఆ ఆకులు నమిలేశాడేమో అనుకుంది మంగమ్మ. పెట్టె తీసి గుడ్డ చేతిలోకి తీసుకుంది. "పదవే కోటమ్మా" అంది.

"యాడికి?"

"ఆది అడిగారు గదా. ఇచ్చొద్దాం."

మస్తానమ్మ కర్ర తీసుకుంది. ఎవరూ ఆమెను పిలవలేదు. పిలవకపోయినా ఆమె వస్తుంది.

చావిడి ముందు జనం బాగానే ఉన్నారు. కట్టుబాటు వచ్చిన మరుసటి రోజు గదా, ఎవరి మిషను ఎత్తుకొస్తారో చూద్దామని కొందరు, ఊరికే కొందరు. కింద జాన్ సాహెబ్ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అరుగు మీద పెద్దల మధ్య గోపాలకృష్ణయ్య, చివర అంచు మీద, సగం కూర్చున్నట్టూ సగం లేచినట్టూ రోశయ్య. పెళ్ళాన్నీ కూతుర్నీ తల్లినీ చూడగానే అతని మొహం తెల్లబోయింది.

గోపాలకృష్ణయ్య చెడ్డవాడేం కాదు. కంట్రోలు గుడ్డ పక్కదారి పట్టకుండా కొట్టు ముందు తనే కూర్చుని పంచిన మనిషి. "ఏం రోశయ్య మేస్త్రీ, మీవాళ్ళేనా? ఏంటమ్మా, ఏం కావాలి?" అన్నాడు.

మంగమ్మ ఎప్పుడూ అంతమంది ముందు మాట్లాడలేదు. కోటమ్మ వెనక నుంచి ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఉన్నది గనకే గొంతు పెగిలింది.

"నా కూతురు నరసరావుపేట ఆసుపత్రికి పోవాలయ్యగారూ, సోమవారం. రెండు రవికలు లేందే రానియ్యరంట. సాయిబన్నని అడిగితే, తల్లి ఆది తెమ్మన్నాడు. మీరు పెట్టిన కట్టుబాటే గదా అని తెచ్చా."

"మంచిది. అతనికివ్వు మరి."

"ఇదేనయ్యా" అంది మంగమ్మ. కొంగు కప్పుకోలేదు. "నేనే. నేను పుట్టి ఎన్నడూ రవిక తొడుక్కోలా. మా అత్తా తొడుక్కోలా. తల్లి ఎట్టా ఉంటే కూతురు అట్టాగే ఉండాలంటిరి. అయితే నా బిడ్డ ఇట్టా పోయి డాక్టరమ్మ ముందు నిలబడాల. మీ కట్టుబాటు ప్రకారం ఇదే ఆది."

గోపాలకృష్ణయ్య చూపు ఆమె భుజం మీద రాళ్ళ మోతకు కాయలు కాసిన చోట పడి, చటుక్కున నేల మీదికి వాలింది. మర్యాద కోసం పెట్టిన కట్టుబాటు ఒక పిల్ల ఒంటి మీద గుడ్డ తీసేయమంటోందని ఆయనకు అప్పుడే అర్థమైనట్టుంది.

"అది మా ఉద్దేశం కాదమ్మా" అన్నాడు. "ఆసుపత్రి పని కాబట్టి ఈ పిల్ల ఒక్కదానికి కట్టుబాటు వర్తించదని చెబుదాం. జాన్ సాహెబ్, ఈ పిల్లకి కుట్టెయ్."

జాన్ సాహెబ్ ముందుకు అడుగు వేశాడు. కోటమ్మ ఊపిరి వదలటం మంగమ్మకు వీపు మీద తెలిసింది. ఇక్కడితో దండం పెట్టి వెళ్ళిపోవచ్చు. సోమవారం బస్సు ఎక్కించొచ్చు. ఒక్క క్షణం ఆమె అదే అనుకుంది కూడా. దండం పెట్టటానికి చేతులు లేచాయి. లేచిన చేతులు సగంలోనే ఆగాయి.

"మీరు చల్లంగుండాలయ్యా. నా కూతుర్ని ఒడ్డున పడేశారు. కానీ రేపు మా పాలెంలో ఇంకో పిల్లకి రవిక కావాలనిపిస్తే? దాని తల్లి గూడా వచ్చి ఇట్టా, ఇందరి ముందు, ఈడ నిలబడాల్నా? ఈ నిలబట్టం నాతో పోనియ్యండి."

అప్పుడు వెనక నుంచి మస్తానమ్మ కర్ర టకటకమంది. "ఆడపిల్లల సంగతి సరే, మొగపిల్లోళ్ళకి తండ్రుల ఆది తెమ్మన్నారంట గదయ్యా. అయ్యలంతా గోచీలు పట్టుకుని వరసగా సాయిబు కొట్టు ముందు నిలబడితే, ఆ గోచీలు చూసి పంట్లాలు ఎట్టా కుడతాడు పాపం?"

చావిడంతా గొల్లున నవ్వింది. స్తంభం దగ్గర జాన్ సాహెబ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దల్లో ఒకాయన తన పంచె సర్దుకున్నాడు, దాంతో నవ్వు ఇంకా పెరిగింది. గోపాలకృష్ణయ్య నవ్వాపుకోవాలని చూసి చూసి, ఓడిపోయాడు.

ఆ నవ్వు సద్దుమణుగుతుండగా రోశయ్య లేచాడు. నవ్వటం లేదు అతను. అరుగు దిగాడు. వచ్చి పెళ్ళాం పక్కన నిలబడ్డాడు. భుజం మీది తుండుగుడ్డ కొస ముడి విప్పి, అందులోంచి రెండు తమలపాకులూ వక్కా తీశాడు. ఆకులు వాడి, అంచులు నల్లబడ్డాయి. వాటిని రెండు చేతులతో అరుగు మీద, గోపాలకృష్ణయ్య ముందు పెట్టాడు.

"మొన్న తమరిచ్చిన తాంబూలం అయ్యా. నమల్లేదు. మీరు పిలిచి కూర్చోబెట్టారని సంబరంలో ఏం ఒప్పుకుంటన్నానో చూసుకోలా. పొద్దున్నే తిరిగిద్దామని తెచ్చా. అరుగెక్కినాక నోరు రాలా. మా ఆడది వచ్చి చెప్తే గాని రాలా." పెళ్ళాం వైపు చూసి తల ఎత్తాడు. "నన్ను మళ్ళీ పిలవకపోయినా పరవాలేదు. ఈ కట్టుబాటులో మాత్రం నేను లేనయ్యా."

ఆ అరుగు అతనికి ఏమిటో మంగమ్మకు తెలుసు. దాన్ని అతనంతట అతనే దిగి వచ్చాడు. తన పక్కన, కింద, మట్టిలో నిలబడ్డాడు. ఇంతకన్నా ఎత్తులో అతన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

గోపాలకృష్ణయ్య ఆ వాడిన ఆకుల్ని చేతిలోకి తీసుకున్నాడు. పక్కవాళ్ళ వైపు చూశాడు. ఎవరూ అడ్డం చెప్పేటట్టు లేరు. "కట్టుబాటు తీసేస్తున్నాం" అన్నాడు. "గుడ్డ కరువుగా ఉంది, చూసి వాడుకోండని చెబుదాం. చెప్పటం వరకే. టాకీసు కాడ ఈలలేసేవాణ్ణి పిలిపిస్తాం, అది వాడి నోటి తప్పు, పంట్లాం తప్పు కాదు." తరవాత కొంచెం గొంతు తగ్గించి, "మా మనవరాలు కూడా టముకు విన్నప్పటి నుంచి నాతో మాట్లాడటం మానేసింది. ఇప్పుడన్నా నాకు అన్నం పెడుతుందేమో" అన్నాడు. "ఎక్కి కూర్చో మేస్త్రీ."

"మళ్ళొస్తానయ్యా. ముందు ఈ గుడ్డ సాయిబుకియ్యాల" అన్నాడు రోశయ్య.

ఇయ్యనక్కర్లేకుండానే జాన్ సాహెబ్ మూట లాక్కుని బజారు వైపు నడుస్తున్నాడు. "బీబీ, తాడు తియ్" అని అక్కడి నుంచే కేకలు.

సోమవారం పొద్దున రోడ్డు మీద బొగ్గుతో నడిచే బస్సు ఆగి ఉంది. వెనక బొగ్గు కొలిమి తిప్పి తిప్పి క్లీనరు మొహమంతా మసి చేసుకున్నాడు. కోటమ్మ తెల్ల రవిక వేసుకుని, మసి అంటుతుందేమోనని దూరంగా నిలబడింది. చేతులకి చిన్న బుట్టలున్నాయి. పెద్దవి కాదు. ఇంతే, ఇంత.

రోశయ్య వాటిని చూశాడు. ఏమీ అనలేదు. తర్వాత, "బాగానే ఉందిలే" అన్నాడు. కోటమ్మ వంగి తండ్రి కాళ్ళు పట్టుకుంది. అతను లేపుతూ, ఎక్కడ పట్టుకుంటే రవిక నలుగుతుందో తెలియక, తల మీద చెయ్యి పెట్టాడు.

బస్సు వెళ్ళిపోయింది. దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడి, మంగమ్మ ఒక్కతే బజారు మీదుగా వచ్చింది. జాన్ సాహెబ్ మిషను చప్పుడు దూరం నుంచే వినిపిస్తోంది. ఆ చప్పుడులో ఇంత హాయి ఉందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. ఆగి, అరుగు కింద నుంచే రెండు చేతులూ జోడించింది. "సాయిబన్నా, నీ మేలు మరిచిపోనన్నా. బీబీకీ చెప్పు."

"ఆగు వదినా, నీది ఒకటుంది" అని అతను పక్కన మడిచి పెట్టిన తెల్ల గుడ్డ అందించాడు. మిగిలిన గుడ్డ ముక్కేమో అనుకుంది. విప్పితే రవిక.

"మిగిలిన గుడ్డతో నీకొకటి కుట్టమని కోటమ్మ ఒట్టు పెట్టించుకుని పోయింది. రెండు మూడు చోట్ల అతుకు పడింది, కనపడదులే."

"నా కొలత ఎవరు తీశారన్నా?"

"దానిదే పెట్టుకుని కత్తిరించా. మా అమ్మవీ నావీ ఒకటే భుజాలు, ఒకే రాళ్ళు మోశాం అంది." జాన్ సాహెబ్ మిషను చక్రం ఆపాడు. "నేను దర్జీ పని నేర్చిన కాడి నుంచి తల్లి ఆదికే కూతురికి కుట్టా వదినా. కూతురి ఆదికి తల్లికి కుట్టటం ఇదే మొదలు."

ఇంటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మంగమ్మ దానిలోకి ఒక చెయ్యి దూర్చింది. బిగుతుగా లేదు, వదులుగా లేదు. భుజం మీద కాయ కాసిన చోట మెత్తగా ఆనింది. చూస్తే దానికీ చేతుల దగ్గర కుచ్చులు పెట్టి ఉన్నాయి. చిన్న బుట్టలు. ఇంతే, ఇంత. అంత కరువు గుడ్డలో, అతుకులు పడ్డా సరే, తల్లికి బుట్టలు తక్కువ చెయ్యొద్దని చెప్పి పోయింది కూతురు. అప్పటిదాకా, బస్సు కదిలినప్పుడు కూడా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఏడుస్తూనే రెండో చెయ్యి కూడా దూర్చింది.

తలుపు సందులోంచి మస్తానమ్మ తొంగి చూసింది. "బాగుందే మంగా. ఇక రేపటి నుంచి అందరూ రవికలేసుకోవాలని టముకేయించారో, కర్ర పట్టుకుని మళ్ళీ చావిడికొస్తా. ముందే చెప్తన్నా. నాకొద్దు."

"నీకెవరు వేస్తామన్నారు అత్తా" అని మంగమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

రవిక విప్పి, మడిచి, ఎక్కడ పెట్టాలా అని చూసింది. గోడ గూడు ఖాళీగానే ఉంది. దీపపు బుడ్డి పక్కన అక్కడ పెట్టింది. గని నుంచి వచ్చిన రోశయ్య గూట్లోకి చూసి, "వేసుకోకుండా అక్కడ పెట్టావేందే? ఎప్పుడు వేసుకుంటావు?" అన్నాడు.

"నాకు బుద్ధి పుట్టినప్పుడు" అంది మంగమ్మ, అతని ముందు సంగటి కంచం పెడుతూ.